బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క కుదుపు కదిలి ఆగిపోతోంది, కంప్యూటర్ ఆన్ కావడం లేదు

తెల్లకాగితం
శుక్రవారం, రాత్రి 9:40

నమస్కారం అందరికీ. ఇంట్లో వాడుకునే డెస్క్‌టాప్ సాయంత్రం నుంచి మొరాయిస్తోంది. నిన్న రాత్రి మామూలుగానే షట్‌డౌన్ చేసి పడుకున్నాను. ఇవాళ బటన్ నొక్కితే లోపల ఫ్యాన్ ఒక్క కుదుపు కదిలి ఆగిపోయింది, అంతే. మానిటర్ మీద ఏమీ లేదు, బీప్ శబ్దమూ లేదు. వెంటనే మళ్ళీ నొక్కితే ఆ కుదుపు కూడా రాలేదు.

ప్లగ్గు మార్చి చూశాను, వైరు ఊపి చూశాను. సీపీయూని పక్కకు వంచి రెండు దెబ్బలు కూడా వేశాను, నవ్వకండి. ఎనిమిదేళ్ళ కిందట అసెంబుల్ చేయించుకున్న మిషన్ ఇది. సోమవారం ఉదయానికల్లా పంపాల్సిన అనువాదం అందులో ఉండిపోయింది. ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో వేసుకున్న గుర్తు, కానీ ఆ పెన్ డ్రైవ్ ఇల్లంతా వెతికినా కనబడటం లేదు. నేను కొత్తగా ఏమీ చేయలేదు, ఏదీ మార్చలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

గేమర్‌తమ్ముడు
శుక్రవారం, రాత్రి 9:52

బ్రో, ఎస్‌ఎంపీఎస్ పోయింది. అదే, లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా. ఎనిమిదేళ్ళంటే ఎక్కువే. కొత్తది కొని పెట్టేయ్, అరగంట పని. నాది కూడా అచ్చం ఇలాగే అయింది.

తెల్లకాగితం
శుక్రవారం, రాత్రి 9:58

బ్రో కాదు, అక్కని. కొత్తది కొన్నాక కూడా ఆన్ కాకపోతే?

గేమర్‌తమ్ముడు
శుక్రవారం, రాత్రి 10:01

సారీ అక్కా. కాకపోతే అప్పుడు మదర్‌బోర్డు.

పాతఇనుము
శుక్రవారం, రాత్రి 10:20

అది కూడా కాకపోతే ప్రాసెసర్, ఆ తర్వాత ర్యామ్... ఇలా పోతే చివరికి కొత్త కంప్యూటర్ పక్కనే పాతదీ ఉంటుంది. కాస్త ఆగుదాం. తమ్ముడి అనుమానం తప్పని కాదు, ఎస్‌ఎంపీఎస్సే అయి ఉండొచ్చు. కానీ ఇక్కడ ఒక మంచి ఆధారం ఉంది, దాన్ని వదిలేసి కొనడానికి పరుగెత్తడం ఎందుకు?

అమ్మా, ముందు ఒకటి తేల్చండి. మీరు సీపీయూ అంటున్నది పెట్టె మొత్తాన్నే కదా? అసలు సీపీయూ అంటే లోపలి ప్రాసెసర్. ఇకపై పెట్టెని కేబినెట్ అందాం, లేకపోతే ‘సీపీయూ తీయండి’ అని నేనంటే మీరు ఏది తీస్తారోనని భయం.

ఇప్పుడు మూడు ప్రశ్నలు. రెండోసారి నొక్కితే ఏమీ కాలేదన్నారు. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ వేసి నొక్కితే ఆ కుదుపు తిరిగి వస్తోందా? కేబినెట్ పక్క మూత తీస్తే బోర్డు మీద ఎక్కడైనా చిన్న లైటు వెలుగుతోందా? కాలిన వాసన గానీ, ఉబ్బిన కెపాసిటర్లు గానీ ఉన్నాయా? కెపాసిటర్లంటే నిలబడి ఉండే చిన్న డబ్బాలు. వాటి తలలు చదునుగా ఉండాలి, పొంగిన పూరీలా ఉండకూడదు.

తెల్లకాగితం
శుక్రవారం, రాత్రి 10:45

పెట్టె మొత్తాన్నే సీపీయూ అన్నాను, అలవాటు. ఇక కేబినెట్టే.

మీరన్నట్టే జరుగుతోంది! గోడ స్విచ్ ఆపి వేస్తే ఒక్కసారి కుదుపు వస్తుంది, తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ ఆపి వేస్తే మళ్ళీ ఒక్క కుదుపు. బోర్డు మీద మూలన ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. వాసన లేదు. డబ్బాలన్నీ చదునుగానే ఉన్నాయి. దుమ్ము మాత్రం దుప్పటిలా ఉంది.

మీటర్‌రీడింగ్
శుక్రవారం, రాత్రి 11:05

ఇది బాగా పనికొచ్చే సమాచారం. లైటు వెలుగుతోందంటే గోడ, ప్లగ్గు, వైరు బాగానే ఉన్నట్టు. ఎస్‌ఎంపీఎస్‌లో స్టాండ్‌బై భాగం కూడా పనిచేస్తోంది. కంప్యూటర్ ఆపి ఉన్నా ప్లగ్గు పెట్టి ఉంటే చాలు, ఊదా రంగు వైరులో 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. ఆ లైటు దాని మీదే బతుకుతుంది. మీరు బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ వైరును భూమికి, అంటే నల్ల గ్రౌండ్ వైరుకి, కలుపుతుంది, అప్పుడు మిగతా వోల్టేజీలన్నీ మొదలవుతాయి.

ఒక్క కుదుపు కదిలి ఆగి, కరెంటు తీసి వేస్తే తప్ప మళ్ళీ స్పందించకపోవడం అంటే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. ఎక్కడో షార్ట్ ఉంది, లేదా ఉందని అది అనుకుంటోంది. ఆన్ అవగానే ఆ దారిలో కరెంటు విపరీతంగా లాగేస్తుంది, ఎస్‌ఎంపీఎస్ వెంటనే చేతులెత్తేసి తాళం వేసుకుంటుంది. గోడ స్విచ్ ఆపితేనే ఆ తాళం ఊడుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలే పాడైనా ఇలా కనబడొచ్చు. అందుకని ముందు తేలాల్సింది ఒకటే, తప్పు ఎస్‌ఎంపీఎస్‌దా, దాని మీద వేలాడుతున్న వాటిదా?

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఉందా మీ దగ్గర?

నిద్రలేనిరాత్రి
శుక్రవారం, రాత్రి 11:20

నాకూ ఇదే సమస్య. ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మీద మాత్రం బొమ్మ రాదు. ర్యామ్ మార్చినప్పటి నుంచి ఇంతే. నేనూ ఎస్‌ఎంపీఎస్ విప్పి చూడనా?

పాతఇనుము
శుక్రవారం, రాత్రి 11:26

విప్పకండి! ఇది ఇద్దరికీ చెబుతున్నాను. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎవరూ తెరవొద్దు. అందులో పెద్ద కెపాసిటర్ 300 వోల్టులకు పైబడి పట్టుకుని కూర్చుంటుంది, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కొంతసేపు. మిగతా కేబినెట్ అంతా 12 వోల్టులకు మించని వ్యవహారం, దానికి భయపడక్కర్లేదు. ఆ ఒక్క డబ్బా వేరు.

నిద్రలేనిరాత్రి గారూ, మీది ఇదే సమస్య కాదు, దాదాపు దీనికి తిరగబడ్డది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయంటే కరెంటు అందుతోంది, ఆ తర్వాతి మెట్టు దగ్గర ఆగింది. కొత్త ర్యామ్ ఏ రకం? మానిటర్ కేబుల్ దేనికి తగిలించారు, బోర్డుకా, గ్రాఫిక్స్ కార్డుకా?

పర్యవేక్షణ
శుక్రవారం, రాత్రి 11:30

రెండో సమస్యకు విడిగా అంశం తెరిస్తే బాగుంటుంది. మొదలైంది కాబట్టి క్లుప్తంగా ఇక్కడే ముగించండి.

నిద్రలేనిరాత్రి
శుక్రవారం, రాత్రి 11:41

క్షమించాలి. ర్యామ్ డీడీఆర్5, కొత్త తరంది, 16 జీబీవి రెండు. కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉంది. ఒక నిమిషం చూసి బొమ్మ రాకపోతే ఆపేసి మళ్ళీ వేస్తున్నాను, ఇరవైసార్లు చేసుంటాను.

మీటర్‌రీడింగ్
శుక్రవారం, రాత్రి 11:49

ఆ ఇరవైసార్లూ అది పని సగంలో ఉండగా మీరు పీక పట్టుకున్నారు. డీడీఆర్5 కొత్తగా పెట్టినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో ఏ వేగంలో, ఏ వోల్టేజీలో మాట కలుస్తుందో పరీక్షించుకుంటుంది. దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. మొదటిసారి చాలా నిమిషాలు పట్టొచ్చు, ఆ సమయమంతా తెర నల్లగానే ఉంటుంది. ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచండి. నాలుగు స్లాట్ల బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో పెట్టాలి, మీ బోర్డు మాన్యువల్ ఒకసారి చూసుకోండి. ఆన్ చేసి పదిహేను నిమిషాలు దాని జోలికి పోకండి.

తెల్లకాగితం
శనివారం, ఉదయం 7:15

రాత్రి నిద్ర పట్టలేదు. మల్టీమీటర్ పక్కింటివారి దగ్గర ఉందట, తొమ్మిదింటికి ఇస్తామన్నారు. ఈలోగా ఒక ప్రశ్న. నా ఫైలు పోయినట్టేనా? ఈ కుదుపుల వల్ల హార్డ్ డిస్క్ పాడవుతుందా? సమస్య కనిపెట్టడం కన్నా నాకు ముందు ఆ ఫైలు ముఖ్యం.

పాతఇనుము
శనివారం, ఉదయం 7:32

ఫైలు ఉంటుంది, కంగారు పడకండి. డిస్క్ వేరు, ఈ గోల వేరు. ఇప్పటివరకు విన్నదాంట్లో డిస్క్‌ని అనుమానించే మాట ఒక్కటీ లేదు. అయినా ముందు దాన్ని తీసి పక్కన పెట్టడం మంచిది. ప్లగ్గు పీకి, బటన్‌ని ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. కేబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకుని, అప్పుడు డిస్క్‌కి ఉన్న రెండు వైర్లూ తీయండి. ఒకటి డేటా, ఒకటి పవర్.

దాన్ని వేరే లాప్‌టాప్‌కి తగిలించడానికి సాటా (డిస్క్‌కి ఉండే కనెక్టర్) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ వైరు దొరుకుతుంది, చిన్న వస్తువే. రెండున్నర అంగుళాల డిస్క్ లేదా ఎస్‌ఎస్‌డీ అయితే యూఎస్‌బీ కరెంటే చాలు. మూడున్నర అంగుళాల పెద్ద డిస్క్ అయితే 12 వోల్టుల అడాప్టర్ కూడా ఉన్నది కావాలి. లాప్‌టాప్‌లో పెట్టినప్పుడు ‘ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే చచ్చినా ఔననకండి. బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం, పెట్టుకుని ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్ళు తెరుచుకోవు.

తెల్లకాగితం
శనివారం, ఉదయం 10:50

దొరికింది!! మా అన్నయ్య దగ్గర ఆ వైరు ఉంది. డిస్క్ చిన్నదే, ఎస్‌ఎస్‌డీ. బిట్‌లాకర్ ఏమీ లేదు. ఫైలు లాప్‌టాప్‌లోకి తీసుకున్నాను, తెరుచుకుంది, నూట పన్నెండు పేజీలూ ఉన్నాయి. ఇప్పుడు అన్నం సయించేలా ఉంది.

ఇక తీరిగ్గా ఈ మొండిదాని సంగతి చూద్దాం. మల్టీమీటర్ వచ్చింది. ఏం చేయాలో చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పండి.

మీటర్‌రీడింగ్
శనివారం, ఉదయం 11:20

ముందుగా ఎస్‌ఎంపీఎస్‌ని ఒంటరిని చేద్దాం. ప్లగ్గు పీకేసి, దాని నుంచి వచ్చే వైర్లన్నీ ఊడదీయండి. బోర్డుకు వెళ్ళే 24 పిన్నుల పెద్ద కనెక్టర్, ప్రాసెసర్ దగ్గర ఉండే 4 లేదా 8 పిన్నులది, గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానిది, డిస్క్‌లవి, అన్నీ. ఒక్కటి మర్చిపోయినా పరీక్ష వృథా.

24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. నల్ల వైర్లు చాలా ఉంటాయి. ఒక జెమ్ క్లిప్పుని నిటారుగా సాగదీసి, యూ ఆకారంలో వంచి, ఒక కొన ఆకుపచ్చ వైరు రంధ్రంలో, రెండో కొన ఏదైనా నల్ల వైరు రంధ్రంలో పెట్టండి. పెట్టిన తర్వాతే ప్లగ్గు వేయండి. అంతకుముందు వద్దు. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగి ఆగకుండా ఉండాలి. మీ వైర్లన్నీ నల్లగా ఉంటే మాత్రం ఊహించి పెట్టకండి, 16వ పిన్ను ఏదో బొమ్మ చూసి తేల్చుకున్నాకే.

తిరిగితే, మీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ముల్లు నల్ల వైరుకి, ఎర్ర ముల్లు ఒక్కో రంగుకి తాకించండి. పసుపు 11.4 నుంచి 12.6 లోపు, ఎరుపు 4.75 నుంచి 5.25 లోపు, నారింజ 3.14 నుంచి 3.47 లోపు ఉండాలి. ఊదాది కూడా ఎరుపు లాగే. మీటర్ ముల్లుతో పక్కపక్క పిన్నులు రెండింటినీ కలిపేయకుండా చూసుకోండి.

గేమర్‌తమ్ముడు
శనివారం, ఉదయం 11:34

ఇది తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు కదా అన్నా. నాది ఖాళీగా తిరిగేది, బరువు పడగానే చచ్చేది.

మీటర్‌రీడింగ్
శనివారం, ఉదయం 11:41

నిజమే, మంచి మాట. ఈ పరీక్షలో తప్పితే చెడిపోయిందని చెప్పొచ్చు, నెగ్గితే పూర్తిగా బాగుందని చెప్పలేం. పైగా కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లు వేడెక్కితే తప్ప ఫ్యాన్ తిప్పవు, వాటికి మీటర్ ఒక్కటే సాక్షి. కానీ ఇక్కడ ఆగిపోతున్నది బరువు పెరిగాక కాదు, మొదటి క్షణంలోనే. అందుకే ఈ పరీక్ష కొంత చెబుతుంది.

తెల్లకాగితం
శనివారం, మధ్యాహ్నం 1:10

క్లిప్పు పెట్టి ప్లగ్గు వేసేటప్పుడు చేతులు వణికాయి, కళ్ళు మూసుకుని వేశాను. ఫ్యాన్ తిరిగింది, ఆగలేదు!

పసుపు 12.11, ఎరుపు 5.06, నారింజ 3.35, ఊదా 5.08. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పాతఇనుము
శనివారం, మధ్యాహ్నం 1:25

చక్కటి అంకెలు. కొనాలనుకున్న ఎస్‌ఎంపీఎస్ డబ్బులు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకోండి.

ఇప్పుడు తిరిగి పేర్చడం మొదలుపెట్టండి, కానీ పొదుపుగా. బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటే తీసేయండి. డిస్క్‌లు వద్దు. వెనక మౌస్, కీబోర్డు కూడా వద్దు. కరెంటు కనెక్టర్లు రెండే పెట్టండి, 24 పిన్నులది, ప్రాసెసర్ దగ్గరది. ర్యామ్ పెట్టే ముందు దాని బంగారు రంగు అంచుని మెత్తటి రబ్బరుతో తుడవండి, పొట్టు ఊదేయండి. నొక్కి చూడండి.

గడియారంముల్లు
శనివారం, మధ్యాహ్నం 1:31

పనిలో పనిగా బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, అదీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. బయోస్ (విండోస్ కన్నా ముందు బోర్డుని లేపే ప్రోగ్రాం) సెట్టింగులు చెరిగి మొదటికి వస్తాయి. నాకు రెండుసార్లు దాంతోనే పనైంది.

తెల్లకాగితం
శనివారం, మధ్యాహ్నం 2:40

రెండూ చేశాను. బ్యాటరీ మీటర్‌తో చూస్తే 2.98 ఉంది. ఫలితం సున్నా, అదే కుదుపు. ర్యామ్‌లు మార్చి మార్చి పెట్టాను, స్లాట్ మార్చాను. అదే కుదుపు.

పాతఇనుము
శనివారం, మధ్యాహ్నం 2:52

బ్యాటరీ తీయడం ఇప్పుడు అవసరం లేదు, అయినా జరిగిపోయింది. దాని బాకీ తర్వాత తీర్చుకోవాల్సి రావచ్చు, గుర్తుంచుకుందాం. ఒకేసారి రెండు మార్పులు చేయకండి, ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలియదు.

ఇప్పుడు ప్రాసెసర్ దగ్గర ఉన్న 8 పిన్నుల కనెక్టర్ ఒక్కటి ఊడదీసి నొక్కండి. బొమ్మ రాదు, వస్తుందని ఎదురుచూడకండి. ఫ్యాన్ తిరుగుతూ ఉంటుందా, మళ్ళీ కుదుపేనా? అంతే నాకు కావాలి.

తెల్లకాగితం
శనివారం, మధ్యాహ్నం 3:05

మళ్ళీ కుదుపే.

మీటర్‌రీడింగ్
శనివారం, మధ్యాహ్నం 3:14

బాగుంది!

గేమర్‌తమ్ముడు
శనివారం, మధ్యాహ్నం 3:16

ఏం బాగుంది? పనిచేయలేదు కదా.

మీటర్‌రీడింగ్
శనివారం, మధ్యాహ్నం 3:30

ఆ కనెక్టర్ ప్రాసెసర్‌కి కరెంటు సిద్ధం చేసే భాగానికి 12 వోల్టులు తీసుకెళ్తుంది. అక్కడి మాస్‌ఫెట్‌లలో, అంటే కరెంటుని స్విచ్ చేసే చిన్న చిప్పుల్లో, ఏదైనా షార్ట్ అయితే బోర్డు పని చాలావరకు అయిపోయినట్టే. అప్పుడు ఈ కనెక్టర్ తీయగానే ఫ్యాన్ ఆగకుండా తిరగాలి. తిరగలేదు. అంటే షార్ట్ ఆ దారిలో లేదు, కనీసం అక్కడ మాత్రమే లేదు. ప్రాసెసర్ మీద, దాని పక్క భాగం మీద అనుమానం బాగా తగ్గింది. ఇక మిగిలింది 24 పిన్నుల వైపు నుంచి తినే సామాను.

పాతఇనుము
శనివారం, మధ్యాహ్నం 3:48

అమ్మా, ఒకసారి బోర్డుని పైనుంచి ఫొటో తీసినట్టు మాటల్లో చెప్పండి. ఇంకా దానికి ఏమేం వైర్లు తగిలి ఉన్నాయి? ఒక్కటి కూడా వదలకుండా, ‘ఇది చిన్నదిలే’ అనుకోకుండా.

తెల్లకాగితం
శనివారం, సాయంత్రం 4:05

పెద్ద కనెక్టర్ ఉంది. ప్రాసెసర్ ఫ్యాన్ వైరు. కేబినెట్ వెనక ఫ్యాన్ వైరు. కింద మూలలో చిన్న చిన్న వైర్లు నాలుగు జతలు, బటన్‌వి, లైట్‌వి అనుకుంటా. ‘ఆడియో’ అని రాసి ఉన్నది ఒకటి. లావుపాటి నీలం కనెక్టర్ ఒకటి, దాని వైరు కేబినెట్ ముందు వైపుకు పోతోంది.

పాతఇనుము
శనివారం, సాయంత్రం 4:12

ఆ లావుపాటి నీలంది ముందరి యూఎస్‌బీ 3 పోర్టులకు వెళ్ళేది, 19 పిన్నులు ఉంటాయి. ముందు వైపుకు పోయేవన్నీ తీసేయండి. యూఎస్‌బీ, ఆడియో, చిన్న జతలు, అన్నీ. తీసే ముందు చిన్న జతలు ఏవి ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, లేకపోతే రేపు మళ్ళీ ఇక్కడికే వస్తారు.

నీలందాన్ని నిటారుగా పైకి లాగాలి. వంకరగా లాగితే బోర్డు మీది పిన్నులు వంగుతాయి, ఒక్కోసారి సాకెట్టే ఊడి చేతికొస్తుంది.

8 పిన్నులది మళ్ళీ పెట్టండి. బటన్ వైరు తీసేశాం కాబట్టి, అది ఉన్న రెండు పిన్నుల్ని స్క్రూ డ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపి వదలండి. బటన్ చేసే పనీ అంతే.

తెల్లకాగితం
శనివారం, సాయంత్రం 4:58

తిరుగుతోంది

ఆగలేదు

మానిటర్ పెట్టాను. బొమ్మ వచ్చింది!! బోర్డు కంపెనీ బొమ్మ!!! ఇల్లంతా అరిచాను.

గేమర్‌తమ్ముడు
శనివారం, సాయంత్రం 5:00

అక్కా సూపర్

మీటర్‌రీడింగ్
శనివారం, సాయంత్రం 5:03

ఇప్పుడే ఆపకండి. ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, ఒక్కో వైరూ తిరిగి పెట్టుకుంటూ రండి. ముందు బటన్ జత, తర్వాత ఆడియో, చివర్న యూఎస్‌బీ. ప్రతి దాని తర్వాతా ఆన్ చేసి చూడండి.

తెల్లకాగితం
శనివారం, సాయంత్రం 5:35

బటన్ పెట్టాను, ఆన్ అయింది. ఆడియో పెట్టాను, ఆన్ అయింది. నీలంది పెట్టాను, కుదుపు! తీస్తే ఆన్ అవుతోంది. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ అంతే.

పాతఇనుము
శనివారం, సాయంత్రం 5:41

దొరికాడు దొంగ. టార్చి తీసుకుని కేబినెట్ ముందున్న యూఎస్‌బీ రంధ్రాల్లోకి చూడండి. లోపల ఒక పలకలాంటి ప్లాస్టిక్ నాలుక ఉండాలి, దాని మీద సన్నటి రేకులు వరుసగా ఉండాలి.

ఇంకో మాట. ఆ కనబడని పెన్ డ్రైవ్ చివరిసారి ఎక్కడ పెట్టారు?

తెల్లకాగితం
శనివారం, సాయంత్రం 6:10

అయ్యో.

రెండు రంధ్రాలు ఉన్నాయి. ఒకదాంట్లో నాలుక నిలువుగా ఉంది. రెండోదాంట్లో నాలుక విరిగి కిందికి వాలిపోయింది, రేకులు రెండు మూడు ముడుచుకుని ఒకదానికొకటి, పక్కనున్న ఇనుప అంచుకీ తగులుతున్నాయి.

పెన్ డ్రైవ్ గురువారం రాత్రి ఆ రంధ్రంలోనే పెట్టాను, ఫైలు కాపీ చేసి, తీయకుండానే షట్‌డౌన్ చేశాను. శుక్రవారం పొద్దున ఇల్లు ఊడుస్తూ కేబినెట్‌ని ముందుకు లాగి, మళ్ళీ కుర్చీ జరిపి... కుర్చీ కాలు ముందు వైపు తగిలిన గుర్తు లీలగా ఉంది. ‘కొత్తగా ఏమీ చేయలేదు’ అని మొదట్లో రాశాను కదా, ఆ వాక్యం చెరిపేస్తే బాగుండు.

పాతఇనుము
శనివారం, సాయంత్రం 6:24

చెరపకండి. ఇరవై ఏళ్ళుగా ఆ వాక్యం వినని రోజు లేదు, నేనూ చాలాసార్లు అన్నాను.

మీటర్‌రీడింగ్
శనివారం, సాయంత్రం 6:40

ఎందుకిలా అయిందో చెబుతాను. ఆ రేకుల్లో ఒకటి 5 వోల్టులది, బయటి ఇనుప అంచు భూమి. రెండూ కలిశాయి. ఎస్‌ఎంపీఎస్ మొదలవగానే 5 వోల్టుల దారి నేరుగా భూమిలోకి పోయింది, అది భయపడి ఆగిపోయింది. మీ బోర్డులో ముందరి పోర్టులకు కరెంటు కంప్యూటర్ ఆన్ అయ్యాకే వెళ్తున్నట్టుంది, అందుకే ఆపి ఉన్నప్పుడు ఆకుపచ్చ లైటు మామూలుగా వెలిగింది.

చాలా బోర్డులు ఇంత దూరం రానివ్వవు. యూఎస్‌బీ దారిలో ఫ్యూజు లాంటి రక్షణ ఉంటుంది. ‘యూఎస్‌బీ పరికరం ఎక్కువ కరెంటు లాగుతోంది, 15 సెకన్లలో ఆపేస్తున్నాను’ అని తెర మీద ఇంగ్లీషులో రాసి మరీ ఆగిపోయే బోర్డులు ఉన్నాయి. మీ దాంట్లో తెర దాకా రాకముందే ఎస్‌ఎంపీఎస్ తొందరపడింది.

గేమర్‌తమ్ముడు
శనివారం, సాయంత్రం 6:52

అంటే నేను చెప్పినట్టు ఎస్‌ఎంపీఎస్ కొనుంటే, కొత్తది కూడా ఇలాగే కుదిపేది. తర్వాత బోర్డు కొనమనేవాణ్ణి. కొత్త బోర్డుకి అదే నీలం వైరు పెట్టేవాళ్ళం... సారీ అక్కా, రెండోసారి.

తెల్లకాగితం
శనివారం, సాయంత్రం 7:30

నీలం వైరు తీసే ఉంచాను, డిస్క్ తిరిగి పెట్టాను. ఆనందం పావుగంట కూడా నిలవలేదు. ఇప్పుడు నల్ల తెర మీద ‘బూట్ అయ్యే పరికరం లేదు’ అనే అర్థంలో ఏదో వస్తోంది. డిస్క్ పొద్దున లాప్‌టాప్‌లో బాగానే చదివింది కదా?

పాతఇనుము
శనివారం, సాయంత్రం 7:44

ఇదే నేనన్న బాకీ. బ్యాటరీ తీయడంతో బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిలా అయిపోయాయి. డిస్క్‌కి ఏమీ కాలేదు. డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్ళండి. డిస్క్ పేరు జాబితాలో కనబడుతోందా? విండోస్ మొదట ఎప్పుడు వేయించారు, ఈ బోర్డు మీదేనా?

తెల్లకాగితం
శనివారం, సాయంత్రం 8:02

పేరు కనబడుతోంది. విండోస్ ఈ బోర్డుది కాదు. అంతకుముందు వాడిన పాత కంప్యూటర్‌లోంచి డిస్క్ తీసి ఇందులో పెట్టారు, అదే నడుస్తోంది.

గడియారంముల్లు
శనివారం, సాయంత్రం 8:15

బ్యాటరీ సలహా నాదే కాబట్టి దీన్ని నేనే సరిచేస్తాను. పాత కంప్యూటర్‌లో వేసిన విండోస్ అంటే బహుశా లెగసీ పద్ధతిలో, అంటే పాత బూట్ పద్ధతిలో, వేసి ఉంటారు. మీ బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగులో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిని మాత్రమే చూస్తోంది. డిస్క్ కనబడుతుంది, కానీ దాని మీద తనకు తెలిసిన భాషలో ఏమీ రాసి లేదు కాబట్టి ముందుకు కదలదు.

బూట్ పేజీలో సీఎస్ఎం అనే మాట వెతకండి, పాత పద్ధతినీ అనుమతించే ఏర్పాటు అది, దాన్ని ఎనేబుల్ చేయండి. సెక్యూర్ బూట్ ఆన్ అయి ఉంటే ముందు అది ఆపాల్సి రావచ్చు. బూట్ వరుసలో మీ ఎస్‌ఎస్‌డీని మొదట పెట్టి, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి. దాంతోనూ రాకపోతే సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ అని ఉందో, ఇంకేదైనా ఉందో చెప్పండి. ‘రిపేర్ చేయనా, రీఇన్‌స్టాల్ చేయనా’ అని ఏది అడిగినా ఇప్పుడే ఒప్పుకోకండి.

తెల్లకాగితం
శనివారం, సాయంత్రం 8:50

వచ్చేసింది. నా వాల్‌పేపర్, నా ఫైళ్ళు, డెస్క్‌టాప్ మీద నా చెత్త అంతా యథాతథం.

ఒకటే విచిత్రం, ఏ వెబ్‌సైటు తెరిచినా ‘ఇది సురక్షితం కాదు’ అంటోంది. అన్నీ.

గడియారంముల్లు
శనివారం, సాయంత్రం 8:54

తేదీ చూడండి. చాలా ఏళ్ళు వెనక్కి పోయి ఉంటుంది. అదీ బ్యాటరీ తీసిన పుణ్యమే. సైట్ల సర్టిఫికెట్లకు మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి, మీ గడియారం పాతకాలంలో ఉంటే ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ని చూపిస్తున్నట్టు లెక్క. తేదీ సరిచేస్తే పోతుంది.

తెల్లకాగితం
శనివారం, రాత్రి 9:03

పోయింది! ఎనిమిదేళ్ళ కిందటి జనవరి 1లో ఉన్నాను ఇంతసేపూ.

నిద్రలేనిరాత్రి
శనివారం, రాత్రి 10:15

మధ్యలో దూరినందుకు మళ్ళీ క్షమించాలి. నాదీ వెలిగింది. ఒక్క ర్యామ్ రెండో స్లాట్‌లో పెట్టి ఆన్ చేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి బొమ్మ ఉంది. రెండో ర్యామ్ పెట్టినప్పుడు మళ్ళీ ఏడెనిమిది నిమిషాలు నల్లగా ఉంది, ఈసారి ముట్టుకోలేదు.

తెల్లకాగితం
సోమవారం, మధ్యాహ్నం 12:20

అనువాదం పంపేశాను. కేబినెట్ ముందరి యూఎస్‌బీ భాగం వరకు విడిగా మార్పిస్తాను, అప్పటిదాకా నీలం వైరు ఊడదీసే ఉంటుంది, వెనక పోర్టులతో నెట్టుకొస్తున్నాను. విరిగిన రంధ్రం మీద టేపు కూడా అంటించాను.

పెన్ డ్రైవ్ దొరికింది, బీరువా కింద. మూతి ఎడమ వైపుకి తిరిగింది కానీ మిగతా అంతా బాగానే ఉంది. అందులో కొన్ని పాత ఫొటోలున్నాయి. వెనక పోర్టులో పెట్టి ఒకసారి చూడనా?

పాతఇనుము
సోమవారం, మధ్యాహ్నం 12:22

వద్దు.

మీటర్‌రీడింగ్
సోమవారం, మధ్యాహ్నం 12:22

వద్దు!

గేమర్‌తమ్ముడు
సోమవారం, మధ్యాహ్నం 12:23

అక్కా, దాని మూతి సరిచేయించకుండా ఏ పోర్టుకీ చూపించకు.